లింకు డాక్యుమెంట్లు లేని రిక్వైర్‌మెంటు

పోయిన ఆదివారం మా సంఘం సమావేశంలో ఒక పెద్దాయన మైకు తీసుకుని అన్న మాట మమ్మల్ని వారం రోజులుగా వదలడం లేదు. "మన పిల్లలు కోడ్ సరిగ్గా రాయరు, అందుకే ఉద్యోగాలు ఊడుతున్నాయి, ఇంకొకర్ని అని ఏం లాభం?" అన్నారాయన. 30 ఏళ్లు ఐటీలో పనిచేసి రిటైరైన మనిషి. మన ఊళ్లో ఎంతోమంది పిల్లలకు మొదటి ఉద్యోగం ఆయన మాట సాయంతోనే వచ్చింది. ఆయన మీద మాకు గౌరవం తగ్గలేదు. కానీ ఆ మాట తప్పు.

ఆ మాట వినబడినప్పుడు నాలుగో వరుసలో కూర్చున్న ఒక అబ్బాయి తల దించుకున్నాడు. అతనికి ఏం జరిగిందో ఆ హాల్లో కనీసం పదిమందికి తెలుసు. మాకూ తెలుసు. ఒక్కరమూ లేచి మాట్లాడలేదు. భోజనాలకు ఆలస్యమవుతోందని ఊరుకున్నాం. అందుకే ఇప్పుడు రాస్తున్నాం. పొడవుగానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

పేర్లు లేకుండా చెబుతాం. ఆ అబ్బాయి రోజూ హోసూరు నుంచి అత్తిబెలె దాటి ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లొచ్చేవాడు. ఏ భవనంలో కూర్చుని పనిచేసేవాడో ఆ కంపెనీకి అతను ఉద్యోగి కాదు, థర్డ్ పార్టీ పేరోల్. ఆ భవనం కంపెనీకి పని ఇచ్చింది ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థ. ఆ సంస్థకు పని ఇచ్చింది ఐరోపాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ. అంటే అక్కడ పాలసీ కట్టుకున్న మనిషికీ ఇక్కడ మన అబ్బాయికీ మధ్య నాలుగు కంపెనీలు, మూడు కాంట్రాక్టులు.

అతని చేతికి వచ్చింది జీరాలో ఒక స్టోరీ. అందులో ఉన్నది ఒకటే వాక్యం: ప్రీమియం కట్టాల్సిన తేదీకి 30 రోజులు కలిపి, అప్పటికీ డబ్బు రాకపోతే పాలసీ రద్దు చేయాలి. అతను అలాగే రాశాడు. టెస్టింగ్ వాళ్లు కూడా ఆ స్టోరీని చూసే టెస్టులు రాశారు. అన్నీ పాసయ్యాయి. లైవ్‌లోకి వెళ్లిన రెండో నెలలో అక్కడ గొడవ మొదలైంది. నోటీసు చేతికి రాకముందే పాలసీ పోయిన వాళ్లు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. తప్పు ఎక్కడ పుట్టిందో తేల్చే రిపోర్టు, అదే ఆర్‌సీఏ, రెండు రోజుల్లో తయారైంది. కారణం అనే గడిలో రెండే మాటలు: డెవలపర్ ఎర్రర్. ముందు ప్రాజెక్టులోంచి తీశారు. ఆరు వారాలకు పేరోల్ కంపెనీ కాగితం చేతిలో పెట్టింది.

మమ్మల్ని ఎక్కువగా బాధించింది ఉద్యోగం పోవడం కాదు. అతన్ని నిలదీసిన కాల్‌లో క్లయింట్ వైపు ఒకామె తమ అసలు డాక్యుమెంటులోని పేరా తెరమీద చూపించింది. "బాకీ గురించి రాతపూర్వకమైన నోటీసు పాలసీదారుకు చేరిన రోజు నుంచి 30 రోజులు" అని అందులో ఉంది. తాను కట్టిన దాని అసలు వాక్యాన్ని అతను జీవితంలో మొదటిసారి చూసింది, దాన్ని తప్పుగా కట్టావని అడిగిన రోజునే.

మరి ఆ "నోటీసు చేరిన రోజు" ఎక్కడ రాలిపోయింది? తర్వాత అతనూ టీమ్‌లోని ఒక స్నేహితుడూ కూర్చుని వెనక్కి వెతికారు. ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ప్రతి రిక్వైర్‌మెంటుకూ ఒక నంబరుంది, దాని పక్కన ఆ నియమం ఎందుకుందో కారణం ఉంది. కన్సల్టింగ్ సంస్థ దాన్ని ఎక్సెల్‌లోకి దించుకుంది. నోటీసులు పంపే పని వేరే వెండర్‌ది కాబట్టి నోటీసు ముక్కను కత్తిరించి వేరే షీటులో పెట్టింది. మిగిలింది: "30 రోజుల గ్రేస్ పీరియడ్ తర్వాత రద్దు." ఎలక్ట్రానిక్ సిటీ కంపెనీ ఆ ఎక్సెల్‌ను జీరాలోకి ఎక్కించుకుంది, తన నంబర్లు తాను వేసుకుంది. అక్కడి బిజినెస్ అనలిస్టు తెలివైనవాడే. 30 రోజులు ఎప్పటి నుంచి అని పైకి అడిగాడు. ఎనిమిది రోజుల తర్వాత జవాబొచ్చింది: ఇప్పుడున్న అండర్‌స్టాండింగ్ ప్రకారం కానివ్వండి. అతను "కట్టాల్సిన తేదీ నుంచి" అని తనే నింపి, ప్రశ్నను క్లోజ్ చేశాడు. మన అబ్బాయి చేతికి వచ్చేసరికి ఆ వాక్యం పూర్తిగానే కనబడుతోంది. అందులో ఏదో తక్కువైందని అనుమానించడానికి కూడా వీల్లేదు.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ సోమరితనం చేయలేదు. గట్టు దాటిన ప్రతిసారీ వాక్యంలో ఒక ముక్క పోయింది, అంతే. ఇది మనకు కొత్తగా ఎవరైనా చెప్పాలా? గంగప్ప అనే పేరు తమిళంలో రాసినప్పుడు గకూ కకూ ఒకటే అక్షరం. ఆ రేషన్ కార్డు చూసి ఇంగ్లీషులోకి ఎక్కించినవాడు కంగప్ప అని కొడతాడు. ఆ తర్వాత తండ్రి పేరు కలవలేదని మనవడి సర్టిఫికెట్ ఆగిపోతుంది. తాలూకా ఆఫీసులో ఆ మనవడిని పట్టుకుని "నీ పేరు నీకు రాయడం రాదా" అంటే ఎలా ఉంటుంది? ఆర్‌సీఏలో జరిగింది సరిగ్గా అదే.

ఇంకో మాట. మన ఊళ్లో 30 బై 40 సైటు కొనేవాడు ముందు ఏం అడుగుతాడు? లింకు డాక్యుమెంట్లు. ఇప్పుడు అమ్ముతున్నవాడికి ఎవరు అమ్మారు, అతనికి ఎవరు, అంతకుముందు భాగపరిష్కారం ఎలా జరిగింది, మూలపత్రం ఎవరి పేరున ఉంది. తమిళంలో తాయ్‌పత్రం అంటారు, పేరులోనే తల్లి ఉంది. నడుమ ఒక్క పత్రం లేకపోయినా బ్యాంకు లోను ఇవ్వదు, ఇంట్లో అమ్మమ్మ కూడా ఒప్పుకోదు. చివరి సేల్‌డీడు ఒక్కటి చూసి డబ్బు కట్టినవాణ్ణి మనం అమాయకుడంటాం. అలాంటిది, కోట్ల రూపాయల సాఫ్ట్‌వేరును మన పిల్లలు ఎప్పుడూ చివరి పత్రం ఒక్కటే చూసి కడుతున్నారు. పైగా మూలపత్రం అడిగితే అది నీ స్థాయి కాదంటారు.

పెద్దాయన సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి ఫ్యాక్టరీ సంగతి ఆయనకు తెలియకపోవచ్చు. మా సంఘంలో సిప్‌కాట్‌లో జీవితం గడిపినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను అడగండి. బండి కంపెనీకి చిన్న ఫోర్జింగ్ ముక్క సప్లై చేసే షెడ్డులో కూడా ఏ బ్యాచ్ ఏ ఉక్కు నుంచి వచ్చిందో చెప్పగలరు. ఉక్కు కరిగించినప్పుడు పడిన హీట్ నంబరు మిల్ టెస్ట్ సర్టిఫికెట్‌తో పాటు కంపెనీ నుంచి కంపెనీకి నడుస్తుంది. రోలింగ్ ఒకరు, ఫోర్జింగ్ ఒకరు, మెషినింగ్ ఒకరు, ప్లేటింగ్ ఇంకొకరు. చేతులు ఎన్ని మారినా నంబరు తెగదు. రోడ్డు మీద ముక్క విరిగితే వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, ఉక్కులోనే లోపమా, వేడిచేయడంలోనా, డ్రాయింగులోనా అని తేలుస్తారు. చివర్లో లేత్ మీద నిలబడ్డ కుర్రాడి మెడ మొదటే పట్టుకోరు. ఇనుప ముక్కకు దక్కే ఈ న్యాయం ఒక వాక్యానికీ, దాన్ని కోడ్ చేసిన మనిషికీ ఎందుకు దక్కదు అన్నదే మా ప్రశ్న.

"అది చిన్న కంపెనీల గోల, పెద్దచోట్ల అన్నీ పద్ధతిగా ఉంటాయి" అనేవాళ్లు ఉన్నారు. పెద్దచోట్లకే వెళ్దాం.

1999 సెప్టెంబరు 23న నాసా అంగారకుడి దగ్గర ఒక నౌకను పోగొట్టుకుంది, మార్స్ క్లైమేట్ ఆర్బిటర్. దాన్ని నడిపించే లెక్కలు కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీవి. నౌకను కట్టి, దాని చిన్న ఇంజిన్లు మండినప్పుడు ఎంత తోపు పడిందో లెక్కగట్టి పంపేది లాక్‌హీడ్ మార్టిన్. ఆ తోపును న్యూటన్-సెకన్లలో ఇవ్వాలని రెండు సంస్థల మధ్య ఒప్పుకున్న ఇంటర్‌ఫేస్ పత్రంలో రాసే ఉంది. వచ్చింది మాత్రం పౌండ్-సెకన్లలో. తేడా 4.45 రెట్లు. నెలల తరబడి ఆ తప్పు లెక్కల మీదే దారి సరిచేస్తూ పోయారు. 226 కిలోమీటర్ల ఎత్తులో దాటాల్సిన నౌక 57 కిలోమీటర్ల దాకా దిగిపోయింది. రిక్వైర్‌మెంటు లేకపోవడం కాదు, ఉంది. ఆ కాగితం నుంచి కోడ్ దాకా, కోడ్ నుంచి టెస్టు దాకా దారి కలిసిందా అని గట్టుకు రెండు వైపులా కలిసి చూసినవాళ్లు లేరు. దారి తేడాగా ఉందని నావిగేషన్ వాళ్లకు అనుమానం కలిగినా అది పద్ధతి ప్రకారం నమోదై పైకి పోలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నాసా ఆ తప్పును కాంట్రాక్టరు దగ్గర పనిచేసిన ప్రోగ్రామరు నెత్తిన పెట్టలేదు. మనుషులు పొరపాట్లు చేస్తారు, దాన్ని పట్టుకోవాల్సిన మా వ్యవస్థ పట్టుకోలేదు అని తన తప్పుగానే చెప్పుకుంది. ఆ ప్రోగ్రామరు పేరు లోకానికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మన ఆర్‌సీఏలు రాసేవాళ్లు ఆ దర్యాప్తు రిపోర్టు ఒక్కసారి చదవాలి.

రెండోది ఇంకా దగ్గరిది, ఇంకా బాధాకరమైనది. బోయింగ్ 737 మ్యాక్స్. 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియాలో 157 మంది పోయారు. ఎంకాస్ అనే ముక్కు దించే సాఫ్ట్‌వేరు, దానికి ఒకే సెన్సరు మీద ఆధారపడటం, అది పెద్ద తప్పు, దాని గురించి లోకమంతా రాసింది. దాని పక్కనే ఇంకో చిన్న తప్పుంది, మా విషయానికి అది ముఖ్యం. విమానం ముక్కుకు రెండు వైపులా గాలి కోణం కొలిచే సెన్సర్లుంటాయి. రెండూ వేర్వేరు లెక్కలు చెబితే పైలట్లకు తెరమీద ఒక హెచ్చరిక రావాలి. ఆ హెచ్చరిక మ్యాక్స్ విమానాలన్నింటిలోనూ ఉండాలన్నదే బోయింగ్ రిక్వైర్‌మెంటు. డిస్‌ప్లే సాఫ్ట్‌వేరు చేసి ఇచ్చింది బయటి సప్లయర్. వాళ్లిచ్చిన దాంట్లో ఆ హెచ్చరిక, విడిగా డబ్బు కట్టి కొనుక్కునే ఇంకో ఇండికేటరుకు ముడిపడి వచ్చింది. ఇండికేటరు కొన్నవాళ్లకే హెచ్చరిక. కొననివాళ్లే ఎక్కువ.

విమాన సాఫ్ట్‌వేరు రాసేవాళ్లకు డీవో-178సీ అనే కట్టుబాటు ఉంది. ప్రతి రిక్వైర్‌మెంటు నుంచి కోడ్‌కూ టెస్టుకూ, అక్కడి నుంచి మళ్లీ వెనక్కీ దారి చూపించాలంటుంది. సాఫ్ట్‌వేర్ లోకంలో ఇంతకంటే గట్టి నియమాలు తక్కువ. అయినా వాక్యం కంపెనీ గట్టు దాటేటప్పుడు అర్థం మారిపోయింది. ఒకసారి మారాక ఎవరి పట్టికలో చూసుకుంటే వాళ్లకు పచ్చ టిక్కులే కనబడతాయి. 2017లో, డెలివరీలు మొదలైన కొన్ని నెలలకే, ఇది బోయింగ్ ఇంజినీర్ల కంట పడింది. తర్వాతి అప్‌డేట్‌లో సరిచేద్దామని పక్కన పెట్టారు. ఇండోనేషియా దర్యాప్తు రిపోర్టు లయన్ ఎయిర్ ప్రమాదానికి తోడైన కారణాల్లో దీన్నీ రాసింది. ముందురోజు ప్రయాణంలోనే ఆ హెచ్చరిక కనబడి ఉంటే పైలట్లు రాసిపెట్టేవాళ్లు, ఆ సెన్సరు తేడాను మెకానిక్కులు పట్టుకోవడానికి ఒక ఆధారం ఉండేది.

ఇంత జరిగాక 2019 జూన్‌లో అమెరికా పత్రికల్లో ఏం వచ్చిందో గుర్తుందా? గంటకు 9 డాలర్లకు పనిచేసే భారతీయ ఇంజినీర్లకు సాఫ్ట్‌వేరు పని ఇచ్చారని. అందులో హైదరాబాదులో పుట్టిన ఒక కంపెనీ పేరు కూడా వచ్చింది. ఎంకాస్‌కు గానీ, ఈ హెచ్చరికకు గానీ ఆ కంపెనీల ఇంజినీర్ల మీద ఆధారపడలేదని బోయింగే చెప్పింది. అదే వార్తలో ఆ మాటా ఉంది. కానీ జనానికి గుర్తున్నది 9 డాలర్లే. మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా "మనవాళ్ల కోడ్ వల్లే" అని తిప్పినవాళ్లు మనవాళ్లే. తీగ ఎక్కడ తెగిందో వెతకడం కష్టం, చివర ఉన్న తక్కువ జీతగాడిని చూపించడం సులువు. పెద్దాయన మైకులో అన్నదీ ఆ సులువైన మాటే.

ఇక సాకులు. మేము నలుగురైదుగురు మేనేజర్లతో మాట్లాడాం, అందులో ఇద్దరు మన బంధువులే. మొదటి సాకు రహస్యం: క్లయింట్ డాక్యుమెంటు సబ్ కాంట్రాక్టరుకు చూపకూడదట. డాక్యుమెంటంతా ఎవరు అడిగారు? ఆ ఒక్క రిక్వైర్‌మెంటు నంబరు, దాని అసలు వాక్యం, కారణం ఒక్క వరుసలో ఇస్తే చాలు. సైటు అమ్మేవాడు తన బ్యాంకు పాసుబుక్కు చూపించడు, లింకు డాక్యుమెంట్లు మాత్రం చూపిస్తాడు. రెండో సాకు టూల్స్ వేరు, క్లయింట్‌ది డోర్స్, మాది జీరా అని. జర్మనీ కార్ల కంపెనీలు తమకూ సప్లయర్లకూ మధ్య ఇదే బాధ పడలేక ఒక ఫార్మాట్ తయారు చేసుకున్నాయి. 2011 నుంచి అది రెక్‌ఐఎఫ్ పేరుతో అందరికీ అందుబాటులో ఉన్న ప్రమాణం. టూల్ ఏదైనా, రిక్వైర్‌మెంటుకు పుట్టినప్పుడు వచ్చిన గుర్తింపు మారకుండా కంపెనీలు దాటించడానికే అది. కార్ల భద్రతకు సంబంధించిన ఐఎస్‌ఓ 26262 అయితే, పని పంచుకునే రెండు కంపెనీలూ ఎవరి బాధ్యత ఎంతో ముందే రాసుకోవాలంటుంది. కాబట్టి దారి లేక కాదు. మూడోది, మేం ఎజైల్ కదా, కాగితాలు అక్కర్లేదు అనేది. దీనికి జవాబు చెప్పడం కూడా దండగ. ఆర్‌సీఏ రాయడానికి మాత్రం కాగితం దొరికింది కదా.

అసలు కారణం ఎవరూ పైకి చెప్పరు. ప్రశ్న అడిగిన గంటలకు బిల్లు పడదు. ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టులో ప్రశ్న అంటే ఆలస్యం, ఆలస్యం అంటే పెనాల్టీ. ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్ అనే పట్టిక మన కంపెనీల్లో లేక కాదు, ఉంది. కానీ చాలాచోట్ల అది ఆడిట్ ముందు రోజు రాత్రి, రాసేసిన కోడ్ చూసి వెనక్కి నింపే పట్టిక. ఆ రాత్రి కూర్చుని నింపినవాళ్లు మాలోనే ఉన్నారు. మా వేళ్లతోనే నింపాం, పిజ్జాలు తెప్పించుకుని మరీ నింపాం. అలాంటి పట్టికలో తెగిన లింకు ఒక్కటీ కనబడదు. అందులోని లింకులన్నీ మనం అప్పటికప్పుడు పుట్టించినవే కదా.

అతను అడిగి ఉండాల్సింది అని పెద్దాయన అనొచ్చు. నిజమే, పిల్లలు అడగడం నేర్చుకోవాలి. ఈ స్టోరీ ఏ రిక్వైర్‌మెంటు నుంచి వచ్చింది, దాని పాత నంబరేది అని ప్రతి పనికీ అడగాలి, జవాబు రాకపోతే రాలేదని రాతలో పెట్టాలి. కానీ అడిగినవాణ్ణి "సీనియర్ కావు, చెప్పింది చెయ్" అని కూర్చోబెట్టింది ఎవరు? మన తరమే. మధ్య కంపెనీల్లో డెలివరీ హెడ్‌లుగా, అకౌంట్ మేనేజర్లుగా కూర్చున్నవాళ్లు మన సంఘంలో ఉన్నారు, విరాళాలూ ఘనంగా ఇస్తారు. వాళ్లకు చేతులు జోడించి ఒకటే అడుగుతున్నాం. మీరు సంతకం పెట్టే తర్వాతి కాంట్రాక్టులో, పైనుంచి వచ్చిన రిక్వైర్‌మెంటు నంబరూ కారణమూ కిందికి అలాగే వెళ్లాలనీ, జవాబు రాని ప్రశ్నను అడిగినవాడు క్లోజ్ చేయకూడదనీ రెండు లైన్లు పెట్టించండి. తప్పు జరిగితే ఏ గట్టు దగ్గర వాక్యం మారిందో తేలేదాకా ఆర్‌సీఏలో మనిషి మీద వేలు పెట్టే గడి నింపకండి.

వచ్చే నెల మొదటి ఆదివారం, భోజనాలకు ముందు, సంఘం హాల్లో రెండు గంటలు దీనికే పెట్టాం. పెద్దాయనను మేమే ఇంటికి వెళ్లి పిలిచాం, వస్తానన్నారు. కాంట్రాక్టుల భాష తెలిసిన ఇద్దరు వకీళ్లు వస్తున్నారు. కంపెనీ పేర్లూ క్లయింట్ వివరాలూ ఎవరూ తేవద్దు, ఏ వాక్యం ఎక్కడ మారిందో మీ మాటల్లో చెబితే చాలు.

ఆ అబ్బాయి ఆర్‌సీఏ మీద అభ్యంతరం రాయడానికి మేం ముగ్గురం కూర్చుని సాయం చేశాం. నాలుగు దశల్లో వాక్యం ఎలా మారిందో పక్కపక్కన పెట్టి ఒక్క పేజీలో రాయించాం. మెయిలు వెళ్లి ఐదు వారాలైంది. అందినట్టు కూడా ఇంతవరకు జవాబు లేదు, ఆ గడిలో రెండు మాటలూ అలాగే ఉన్నాయి. కొత్త ఇంటర్వ్యూల్లో పాత ప్రాజెక్టు ఎందుకు వదిలావని అడుగుతున్నారట. ఏం చెప్పమంటారు మామా అని మొన్న మమ్మల్ని అడిగాడు.